పోశాలు అడ్డలో నీలం క్యాబిన్

భూపాలపల్లి నుంచి చెల్పూర్ పోయే దారిలో పోశాలు పాత ఇనుప సామాను అడ్డ ఉంది. పగలంతా బేరాలతో గోలగోలగా ఉండే ఆ చోట, పొద్దు గూకిందంటే బండి ఆపేవాడు లేడు.

కారణం ఓ లారీ క్యాబిన్. నాలుగు డ్రమ్ముల మీద నిలబెట్టిన నీలం రంగు క్యాబిన్. ఇంజన్ లేదు, చక్రాలు లేవు... అయినా రాత్రయితే లోపల ఎవరో దగ్గుతారు. ఒక్కోసారి అద్దం వెనక బీడీ నిప్పు ఎర్రగా కనబడి — టక్కున ఆరిపోతుంది. చూశామన్నవాళ్లు చాలామందే. తలుపు తీసి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అలాంటి క్యాబిన్‌తో సొంత లారీ నడుపుకునే ఇంతియాజ్‌కు పని పడింది.

చూసేవాళ్లకు లారీ ఒకే బండి. నిజానికి అది రెండు ముక్కలు. కింద ఇంజన్‌నూ చక్రాలనూ పట్టి ఉంచే పొడవాటి ఇనుప చట్రం ఛాసీ. దాని మీద బోల్టులతో బిగించిన డ్రైవర్ గది క్యాబిన్. గాలివానకు చెట్టు విరిగిపడి ఇంతియాజ్ లారీ క్యాబిన్ అప్పడమైంది. ఛాసీకి గీత కూడా పడలేదు. తెల్లారి ఆరింటికి కరెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర బూడిద లోడు వరుసలో బండి నిలబడాలి. ఆ వరుసలో చోటు కోసం ఎనిమిది నెలలు తిరిగాడతను. రేపు బండి కనబడకపోతే ఆ చోటు ఇంకొకడిది. సరిపోయే క్యాబిన్ చుట్టుపక్కల ఒక్కటే ఉంది... ఆ నీలంది.

"పగటీలి అయిపోవాలె తమ్మీ," అన్నాడు మెకానిక్ రాజలింగు. "చీకటి పడ్డదంటే నేనుండ. ముందే చెప్తున్న."

"నువ్వుంటేనే గదన్నా నాకు ధైర్యం."

"నా ధైర్యం సంగతి మా ఇంట్ల అడుగు."

నలిగిన క్యాబిన్‌ను అడ్డలోనే కోసి పక్కన పడేసేసరికే మసీదు నుంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజా వినబడింది. ఇంటికి పోతానన్న రాజలింగును ఇంతియాజ్ బతిమాలి ఆపాడు; ఇద్దరూ పోయి చాయ్ తాగొచ్చారు. నీలం క్యాబిన్‌లోకి ఒకసారి తొంగి చూడాలని ఇద్దరికీ తోచింది. "నువ్వు చూడు" అంటే "నువ్వే చూడు" అనుకొని, ఎవరూ చూడకుండానే గొలుసు కప్పికి కట్టి లేపారు.

కుడిపక్క గొలుసు పట్టుకొని ఇంతియాజ్. ఎడమపక్క గడ్డపారతో రాజలింగు. మధ్యలో క్యాబిన్ ఊగుతోంది — ఒకరికొకరు కనబడరు. ఒక బండి క్యాబిన్ ఇంకో బండి ఛాసీ మీద ఊరికే కూర్చోదు. వేలెడు తేడా వచ్చినా మళ్లీ లేపాలి... మళ్లీ దించాలి.

"జర ఎడమకు..." అందో గొంతు, మెల్లగా.

జరిపారు.

"ఇంకింత... ఆగు... ఇగ ఇడువు."

వదిలారు. ఠక్‌మని నాలుగు మూలలూ ఒక్కసారే కూర్చున్నాయి!

రాజలింగు చెమట తుడుచుకుంటూ ఇటువైపు వచ్చాడు. "ఇరవయ్యేండ్ల సంది చేస్తున్న. ఒక్క దెబ్బకు ఎన్నడు కూసోలె. మంచిగ చెప్పినవ్ తమ్మీ."

"నేనా? నువ్వే గదన్నా చెప్పింది..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు క్యాబిన్ లోపల — ఎవరో దగ్గారు.

రాజలింగు చేతిలోని గడ్డపార జారి అతని కాలి మీదే పడింది. నీలం తలుపు కిర్రుమంది... ముందు ఒక కాలు దిగింది... తర్వాత ఇంకోటి... ఆ వెనక లుంగీ, తెల్ల గడ్డం, చెవి మీద బీడీ.

"ఏందిర గీ లొల్లి? మనిషిని పండనియ్యరా?"

"మొండయ్య తాతా!" అన్నాడు రాజలింగు, సగం ఏడుపుతో. ఒకప్పుడు ఆ క్యాబిన్ ఉన్న లారీ నడిపిన డ్రైవరు అతను.

"ఇరవయ్యెనిమిదేండ్లు గిండ్లనే పండుకున్న. ఇంట్ల మంచం ఊగదు, నాకు నిద్ర రాదు. మీరు చాయ్‌కి పోయినప్పుడు ఎక్కిన. ఇయ్యాల మస్తు ఊగింది!"

"మరి జనమంత దయ్యమంటున్నరు గదా?" అన్నాడు రాజలింగు.

"అననీ. దయ్యమున్నదంటెనే గద, దీన్ని ఎవరు కొనకుంట ఉన్నరు!"

ఇంతియాజ్‌కు నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ, "సక్కగ కూసోబెట్టినవ్ తాతా. జర ఎడమకు, ఇంకింత అని నువ్వు చెప్పకపోతే తెల్లారిపోయేది గదా!" అన్నాడు.

మొండయ్య బీడీ ముట్టించబోతూ ఆగాడు.

"నేనేడ చెప్పిన? ఆ మాటకే నాకు మెలుకువొచ్చింది. కిందికెల్లి వచ్చింది," అంటూ ఛాసీ కిందికి చూపించాడు.

"కిందికెల్లా...?"

"క్యాబిన్ల దయ్యాన్ని నేను. ఛాసీ నీది. నీకంటే ముందుగాల దాన్ని ఎవరు నడిపిండో, వాడేమైండో... అడిగినవా?"

అడగలేదు. కాగితాలు చూశాడు, టైర్లు తన్ని చూశాడు. ఆరేళ్లుగా దాని మీదే తిరుగుతున్నాడు.

సెల్‌ఫోన్ లైటు ఛాసీ కిందికి తిప్పడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

కింది నుంచి ఆ గొంతే, కాస్త విసుగ్గా —

"ముచ్చట్లు తర్వాత పెట్టుకోరి. ఆరింటికి గేటు కాడ ఉండాలె... నట్లు బిగియ్యరేంది?"