జెట్టీ మూడో మెట్టు

లెస్టర్ పోయి పద్దెనిమిది రోజులైంది. మార్నీ చెయ్యి ఇంకా ఇద్దరికి సరిపడా టీ కాస్తూనే ఉంది. ఆ ఉదయం భర్త కంప్యూటర్‌ను అట్టపెట్టెలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. పది గంటలకు చారిటీ దుకాణం బండి వస్తుంది.

హోబార్ట్ నగరం నుంచి వచ్చిన కూతురు బ్రయనీ ఆ పెట్టె చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటమ్మా, నాన్న కంప్యూటర్ ఇచ్చేస్తావా?"

"ఇవ్వక? ముందు పెట్టుకుని ఏడవమంటావా? ఇరవై ఏళ్ల నా ఆదివారాలన్నీ మింగింది అదే!"

మింగిన మాట నిజమే. చేపల పడవలవాళ్ల కోసం లెస్టర్ ఆటుపోట్ల వేళలు చెప్పే ప్రోగ్రామ్ రాశాడు. ఓపెన్ సోర్స్ కనుక అందరికీ ఉచితం. ఎక్కడివాళ్లైనా అందులో తప్పు దిద్ది పంపవచ్చు, లెస్టర్ ఒప్పుకుంటే కలుస్తుంది. దిద్దింది సరైనదేనని చూపే పరీక్ష జత చెయ్యకపోతే మాత్రం ససేమిరా అనేవాడు. రెండేళ్ల కిందట బ్రయనీ పెళ్లిరోజున వేళలు తప్పు చూపిస్తున్నాయని, పడవలు సముద్రంలో ఉన్నాయని దాని ముందు కూర్చుని, పెళ్లి అయిపోయాక వచ్చాడు మహానుభావుడు. "నీకు కూతురెందుకు, అదుందిగా!" అనేసింది బ్రయనీ. అప్పటినుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు.

"ఇవ్వకమ్మా."

"దాని మొహం చూడనన్నది నువ్వే కదే?"

బ్రయనీ పెట్టె పక్కనే కూలబడింది. "ఏడాదిగా నేనూ దానికి పనిచేస్తున్నా. 'గల్' అని సముద్రపు పిట్ట పేరు దొంగపేరుగా పెట్టుకుని. ఆరుసార్లు దిద్ది పంపా. ప్రతిసారీ ఎంత ఓపిగ్గా జవాబు రాశాడనుకున్నావ్! ఏడోదానికి రాయలేదు. ఉడుక్కున్నా. నాలుగో రోజున నీ ఫోన్ వచ్చింది."

మార్నీ లేచి టీ డబ్బా అడుగున రాసి ఉన్న పాస్‌వర్డ్ చూపించింది. ఇద్దరూ కలిసి కంప్యూటర్ బయటికి తీశారు.

గల్‌కు రాసి, పంపకుండా ఆపేసిన జవాబు అందులో ఉంది. పోయే ముందురోజు రాసింది.

"లెక్క బాగుంది. ప్రతిసారీ పరీక్షకి మా ఊరి పడవల జెట్టీ నిచ్చెన మూడో మెట్టుకి నీళ్లొచ్చే వేళే పెడుతున్నావు. ఏడేళ్లప్పుడు అక్కడ జారిపడ్డ పిల్లకీ, దూకి తీసిన నాకూ తప్ప ఆ మెట్టు దగ్గర నీళ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఈసారి నీ సొంత పేరుతో పంపు తల్లీ. నీ పెళ్లినాడు నేను ముందే రావాల్సింది."

"అందుకా!" అంది మార్నీ. "కొన్ని ఆదివారాలు ఈల వేసుకుంటూ గిన్నెలు తోమేవాడు. నాకు చెప్పి చావలేదు!"

"మరి ఇది ఎందుకు పంపలేదమ్మా?"

"నీలాగే. ధైర్యం చాలక."

బయట బండి హారన్ మోగింది. "ఇవాళ ఏమీ లేదు నాయనా, వెళ్లు!" అని మార్నీ కిటికీలోంచి కేకేసింది.

బ్రయనీ తన ల్యాప్‌టాప్ తెరిచి, ఏడో మార్పును సొంత పేరుతో మళ్లీ పంపింది. అది తండ్రి పేరుతోనే తెరిచి ఉన్న ఆయన కంప్యూటర్‌లో ప్రత్యక్షమైంది.

"ఏది నొక్కాలే?"

"ఆ పచ్చది."

మార్నీ నొక్కింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. బ్రయనీ పైకి చదవబోయి, చదవలేక, తల్లి ఒడిలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

'బ్రయనీ పంపిన మార్పును లెస్టర్ ఒప్పుకున్నారు.'