ముల్లు నొక్కిన చెయ్యి

నడుములోతు నీళ్ళు. నెలిదా పరిగెడుతోంది.

వెనక వాడు!

రాత్రి పదవుతోంది. దక్షిణ అమెరికా కొసన జనవరి అంటే నడివేసవి. టియెర్రా దెల్ ఫ్యూగో సూర్యుడికి ఇల్లు గుర్తుండదు. ఇంకా మసక వెలుగే. గాలి మాత్రం మామూలే... చిలీ గొర్రెలు పాస్‌పోర్ట్ లేకుండా అర్జెంటీనాలో దిగేంత.

ఛాతీ జేబులో ఫోన్. ఫోన్‌లో ఇప్పుడే తీసిన ఫొటో. నదికి అడ్డంగా వల, దాన్ని లాగుతున్న ముసుగువాడు.

ఇలాంటి దొంగవల వేశాడనే తమ్ముడు ఫాబియాన్‌ని నిన్న లాకప్‌లో పడేశారు. ఈ ఫొటో స్టేషన్‌కి చేరితే వాడు బయటికొస్తాడు.

చేరకపోతే...

స్స్స్!

మెడ కింద చురుక్కుమంటుంది.

గాలం! ఈకలు చుట్టిన గాలం. అరవై అడుగుల నుంచి, ఈ గాలిలో, గురి చూసి విసిరాడు. చేపైతే గర్వపడేది.

దారం లాగుతోంది. పళ్ళతో కొరికి తెంపుతుంది. గట్టెక్కి గడ్డిలో పడుతుంది. ఇక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు. వాకీటాకీ తీస్తుంది.

సరదాకి చేపలు పట్టేవాళ్ళు దిగే లాడ్జిలో గైడులు ముగ్గురే. తను, తమ్ముడు, ఇద్దరికీ పని నేర్పిన దోన్ ఆన్సెల్మో. ఆయన్నే పిలుస్తుంది. ఎక్కడుందో చెబుతుంది.

నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాడు. అడవికుక్కల కోసం మోసే తుపాకి భుజాన ఉంది.

"కదలకు పిల్లా. ఫోన్ భద్రమేనా?"

మెడ సంగతి అడగడు.

మాంసం ఊడొస్తుందని పళ్ళు బిగించి, నెలిదా గాలం లాగుతుంది.

జారి వచ్చేస్తుంది. వెన్నలోంచి వచ్చినట్టు!

అరచేతిలో పెట్టుకుని చూస్తుంది. మొన వెనకుండే ముల్లు నొక్కేసి ఉంది. పట్టిన చేపని గాయం లేకుండా వదలాలి కాబట్టి గైడులు ముల్లు నొక్కుతారు. పట్టకారుతో... ఆవులించినంత తేలిగ్గా.

వలదొంగ ఎవడు నొక్కుతాడు?

ముగ్గురు గైడులు. ఒకడు లాకప్‌లో...

"మనిషికి వేసే గాలానికి కూడా ముల్లు నొక్కారా, దోన్ ఆన్సెల్మో?"

ఆయన గాలం వంక చూస్తాడు.

"ముప్పై ఏళ్ళ అలవాటు. చెయ్యి మాట వినదు."

తుపాకి భుజం దిగుతుంది.

ఫాబియాన్ కుర్రాడట. ఆర్నెల్లలో వచ్చేస్తాడట. తనకి ఈ వయసులో జైలు చలి పడదట. ఎంత ఓపిగ్గా చెబుతున్నాడో! నెలిదాకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తమ్ముడు మీసాలు రాకముందు నుంచీ ఈయన ఇంట్లోనే తిన్నాడు.

ఫోన్ ఇమ్మంటాడు.

ఆమె ఇవ్వదు. ఒకటే ఆలోచన. తుపాకి ఉండి గాలం ఎందుకు విసిరాడు?

చప్పుడు!

నది వంపు అవతల లాడ్జి అతిథులు అయిదుగురు నీళ్ళలో ఉన్నారు. చేప బెదురుతుందని దీపాలార్పి, నోళ్ళు మూసుకుని. ఈ గాలికి కేక చేరదు.

తుపాకి చేరుతుంది.

ఫోన్ పట్టుకుని చెయ్యి బార్లా చాస్తుంది.

"కొట్టు, ముసలాడా. కుక్కని కొట్టబోయి కోళ్ళగూడు పేల్చిన మొనగాడివి కదా. పాపం, కుక్కే సిగ్గుపడి పారిపోయింది."

ఆయన దవడ బిగుస్తుంది.

"ఫోన్ కింద పెట్టు."

"ఫాబియాన్ నిన్ను నాన్నా అనేవాడు. థూ!"

ఢాం!

ఫోన్ ముక్కలు. ఫొటో పోయింది. అరచెయ్యంతా నెత్తురు.

ఆన్సెల్మో గట్టిగా ఊపిరి వదులుతాడు.

వంపు అవతల ఒక దీపం వెలుగుతుంది. ఇంకోటి... అయిదూ! నీళ్ళు చిమ్ముకుంటూ ఇటే వస్తున్నాయి.

నెలిదా నవ్వుతుంది. కోపంగా.

"ఫాబియాన్ లాకప్‌లో ఉండగా వేసిన వల ఇంకా నీళ్ళలోనే ఉంది కదా, ముసలాడా?"