పాటకు ముందు ఊపిరి

ముందు కాఫీలు అందుకోండి. వెనకాల ఉన్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి, నా గొంతు మునుపటంత లేదు. ఇది మన చర్చి కింది గదిలో జరిగిన సంగతి. మీరిప్పుడే కోట్లు తగిలించి వచ్చారే, ఆ గోడకి అవతల గది.

ఔలిస్ అని ఒకాయన. టెలిఫోన్ తీగలు లాగే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని, ముసలివాళ్ళు తెచ్చిన పాత ల్యాప్‌టాప్‌లకి మళ్ళీ ప్రాణం పోసేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. కొత్త సిస్టమ్ బరువు మోయలేక చతికిలబడ్డ మెషీన్‌లో లినక్స్ అనే తేలికైన సిస్టమ్ ఎక్కించేవాడు. అలా ఎక్కించాలంటే ముందు దాన్ని ఒక పెన్‌డ్రైవ్ మీదికి రాయాలి. మామూలుగా కాపీ చేస్తే చాలదు. మెషీన్ లేస్తూనే దాన్ని పట్టుకుని లేవాలి కాబట్టి, పెన్‌డ్రైవ్ మొదలంటా రాసుకుంటూ పోవాలి. అంతకుముందు అక్కడ ఏమున్నా తుడిచిపెట్టుకుపోతుంది.

ఈ పనికి బొమ్మలు నొక్కితే సరిపోయే ప్రోగ్రాములున్నాయి. అంతా చెరిగిపోతుంది, సరేనా అని ఒకటికి రెండుసార్లు అడుగుతాయి. ఔలిస్‌కి అవంటే చిన్నచూపు. నల్ల తెర మీద ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ కొట్టేవాడు. అది ఏమీ అడగదు. ఏ డ్రైవ్ మీద రాయాలన్నది ఆ వరుసలో ఒకే ఒక్క అక్షరం చెబుతుంది.

కాఫీ కాచే సిర్క ఊరుకునేది కాదు. "ఏవయ్యా ఔలిస్, ఆ డబ్బా ఒక్కసారి నిన్ను అడిగితే నీ పరువేం పోతుంది?"

"అడిగించుకునేవాడు టెలిఫోన్ స్తంభం ఎక్కకూడదు," అనేవాడు.

గర్వం చిన్నదే. దేవుడు చిన్నవాటి దగ్గరే కూర్చుని చూస్తుంటాడు.

నవంబరులో హెల్వి వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. భర్త ఎయ్‌నో ముప్ఫై ఏళ్ళు మన చర్చిలో పాట ఎత్తినవాడు, మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాడు. ఎత్తుకునే ముందు ఆయన తీసే ఊపిరి చివరి బెంచీ దాకా వినిపించేది. దగ్గరికెళితే తారు బిళ్ళల వాసన. గొంతు కోసం ఎప్పుడూ చప్పరిస్తుండేవాడు. పోయే ముందు ఏడాది ఆయన తన పాటలన్నీ పాడి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి వెళ్ళాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ల్యాప్‌టాప్ బాగుచేసి, ఆ పాటలు అందులో వేసి ఇమ్మని ఆమె అడిగింది. పెన్‌డ్రైవ్‌ని చేతిరుమాలులో చుట్టి తెచ్చింది.

ఔలిస్ తన పెన్‌డ్రైవ్ ఒక పక్క, ఆమెది ఒక పక్క గుచ్చాడు. ముందు సిస్టమ్ రాసుకుని, అది అయ్యాక పాటలు తీసుకుందామనుకున్నాడు. తనది బి. ఆమెది సి. ఆ ఒక్క వరుస టైపు చేశాడు, ఎంటర్ కొట్టాడు, సిర్క ఇచ్చిన రొట్టె కొరికాడు.

ఆమె పెన్‌డ్రైవ్ మీద ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలైంది.

లాగేశాడు. అప్పటికే సగం రాసేసింది. మిగతా సగంలో వెతికించాడు. ఒక్క పాటా దొరకలేదు, ఒక్క ముక్కా దొరకలేదు. హెల్వి పై గదిలో కాఫీ తాగుతూ ఎదురుచూస్తోంది. మెట్లెక్కి వెళ్ళాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అక్కడ నలుగురున్నారు, సిర్క ఉంది, నలభై ఏళ్ళుగా చెయ్యి జారనివాడన్న పేరుంది.

"అందులో ఏమీ లేదు హెల్వి గారూ. ఇవంతే, వాటంతటవే చచ్చిపోతాయి."

ఆమె తన చేతులకేసి చూసుకుంది. "తడి చేత్తో పట్టుకునుంటాను," అంది. "తప్పు నాదే అబ్బాయీ. నీకు అనవసరంగా శ్రమ." చచ్చిన పెన్‌డ్రైవ్ తనకెందుకు, నీకేమైనా పనికొస్తే ఉంచుకో అని కూడా అంది.

అరవై రెండేళ్ళ మనిషి ఆ రాత్రి దిండులో మొహం దాచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండును. క్షమాపణ అడిగింది.

తరువాతి బుధవారం అతనొక్కడే ఆ గదిలో ఉన్నాడు. మూడింటికే బయట చీకటి కమ్మేసింది, మనకది మామూలే. గదిలో తడి ఉన్ని వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. హీటరు గొట్టాలు అప్పుడప్పుడు టక్కుమంటున్నాయి. హెల్వి మెషీన్ ఇంకా బల్ల మీదే ఉంది. సిస్టమ్‌ని ఈసారి తన పెన్‌డ్రైవ్ మీద సరిగా రాసి, దానితోనే మెషీన్‌ని లేపాడు. ఆమె పెన్‌డ్రైవ్ మాత్రం అతని చొక్కా జేబులో ఉంది. పారేయడానికి చేతులు రాలేదు.

తెర నల్లబడింది. తెల్ల అక్షరాలు పైకి పాకాయి.

అప్పుడు వినిపించింది.

ఒక ఊపిరి. లోపలికి... నిండుగా... పక్కటెముకలు విచ్చుకునేంత.

స్పీకరు అనుకున్నాడు. శబ్దం మొత్తం తగ్గించాడు. గొట్టం టక్కుమంది. ఆ తరువాత ఏమీ లేదు. ఊపిరి వదిలిన చప్పుడు కూడా లేదు. తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు.

"సిర్కా?" అని గొణిగాడు. సిర్క ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయింది.

మళ్ళీ. ఈసారి మెషీన్‌లోంచి కాదు. బల్లకి అవతల నుంచి.

మనకి తెలుసుగా, ఆ ఊపిరి విన్నాక చర్చిలో నలుగురూ ఛాతీ నింపుకుని మొదటి స్వరం కోసం ఆగుతారు. ఔలిస్ ఒళ్ళు కూడా అలవాటు కొద్దీ ఆగింది. స్వరం రాలేదు. అన్ని పాటలూ పోయాయి. వాటికి ముందరి ఊపిరి ఒక్కటే మిగిలింది... ఎక్కడ మిగిలిందో.

మూడోసారి... చెవి పక్కన. తారు బిళ్ళల వాసన.

అతను తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. ఎదురుగా తెర మీద ఆ సిస్టమ్ ఎప్పుడూ అడిగే ప్రశ్నే వచ్చింది. వాడేవాళ్ళ పేరు రాయాలి. వందలసార్లు చూసిన గడి అది, ఎవరెవరి పేర్లో రాసిన గడి.

మీరెవరు?

పక్కన ఊపిరి బిగబట్టినట్టే ఉంది. జవాబు కోసం.

హెల్వి పేరు రాయబోయాడు. ఆ పేరులో మొదటి అక్షరం మీద వేలు ఆనలేదు. సిగ్గుతో మొహమంతా కాలిపోయింది. కోటు కూడా తొడుక్కోకుండా, దీపం ఆర్పకుండా, మెట్లెక్కి మంచులోకి పరుగెత్తాడు. చెప్పేయాలి. ఇవాళ చెప్పకపోతే ఇక ఈ జన్మకి చెప్పలేడు.

హెల్వి తలుపు గొలుసు తీయకుండానే తెరిచింది. బెత్తెడు సందులోంచి ఆమె మొహం. బెత్తెడు సందే చాలనుకుని అంతా చెప్పేశాడు. అక్షరం పొరపాటు, గర్వం, అబద్ధం, తడి చేతుల నింద ఆమె మీద పడనిచ్చిన పాపం, ఏదీ దాచలేదు. జేబులోంచి తీసిన పెన్‌డ్రైవ్‌ని అరచేతిలో పెట్టి చూపించాడు.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఎన్నిసార్లు చెబుతావు?" అంది. "ఆదివారమే చెప్పావుగా."

"ఆదివారమా?"

"గంటలు మోగుతుంటే వచ్చావు. వంటింట్లో కూర్చుని ఏడ్చావు. అప్పుడే క్షమించేశాను."

వినండి. ఆదివారం గంటలు మోగినప్పుడు ఔలిస్ మూడో బెంచీలో నా పక్కన కూర్చున్నాడు. పాటల పుస్తకం ఇద్దరం ఒకటే పట్టుకున్నాం. మరి అదే మొహంతో ఆమె వంటింట్లో కూర్చుని ఏడ్చిందెవరు?

హెల్వి ఆ పెన్‌డ్రైవ్ వంక చూడనైనా లేదు. అతని చేతులకేసి చూస్తూ, ఒక అడుగు వెనక్కి వేసింది.

"పాటల సంగతికేం, అవి పోయేవే," అంది గొంతు తగ్గించి. "ఆ తరువాత రెండో సంగతి చెప్పావు చూడు..."

"రెండో సంగతేమిటి?"

"నా నోటితో అనిపించకు. దేవుడు దాన్ని కూడా క్షమిస్తాడేమో, నాకు తెలియదు. నువ్వు మాత్రం ఇక నా గడప ఎక్కకు."

తలుపు మూసుకుంది. గడియ వేసిన చప్పుడు. ఆ తరువాత, ఆమె బరువైనదేదో లాక్కొచ్చి తలుపుకి అడ్డం పెడుతున్న చప్పుడు.