నెమలిదుర్గం విభక్తుల పేటిక

నల్లమద్ది అడవికి ఇవతల, కొండవాగు చుట్టి పారే చోట, నెమలిదుర్గమనే రాజ్యం ఉండేది. శత్రుభయం ఎరుగని ఆ రాజ్యానికి ఒక వర్షాకాలంలో ఎవరూ కనీవినీ ఎరుగని ఆపద వచ్చిపడింది. జనం నోళ్ళలోంచీ, తాటాకుల మీదనుంచీ విభక్తులు మాయమైపోయాయి.

విభక్తులంటే మీకు తెలుసు కదా! ను, ని, కు, కి, తో, కోసం, నుంచి, లో... పేరు చివర అంటుకుని, ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పే చిన్న ముక్కలు. అవి పోతే ఏమవుతుందో చూడండి. పసులకాపరి ఒకడు రొప్పుతూ ఊళ్ళోకి వచ్చి, "ఆవు పులి చూసింది!" అని అరిచాడు. పులి ఆవును చూసిందో, ఆవు పులిని చూసిందో తెలియక జనం తెల్లబోయి నిలబడ్డారు. ఆలోగా పులి ఆవును ఈడ్చుకుపోయింది. కచేరీలో "సూరన్న మల్లన్న కొట్టాడు" అని సాక్షి చెబితే, దెబ్బలు తిన్న సూరన్నకే మళ్ళీ కొరడా దెబ్బలు పడ్డాయి. "చెరువు పొలం నీళ్ళు వదలండి" అన్న రాజాజ్ఞ అర్థంగాక, పొలంలోని నీళ్ళను చెరువులోకి మళ్ళించాల్సిన జనంలో సగంమంది చెరువుకే గండి కొట్టారు. పచ్చని చేలు మునిగిపోయాయి.

ఇంత అనర్థానికీ మూలం ఒక ఆడపిల్ల కడుపుమంట. ఆ పిల్ల పేరు కొమ్మసాని. అందరూ కొమ్మ అనేవారు.

కొమ్మ తండ్రి కోటబడికి సామాన్లు చేసే వడ్రంగి. పిల్లలు వేలితో దిద్దుకునే ఇసుక పలకలు, చేత్తో తడిమి పోల్చుకునే అక్షరాల చెక్కలు, అన్నీ ఆయన చేసినవే. తండ్రి చెక్కిన చెక్కలను నునుపు చేస్తూనే కొమ్మ చదువు నేర్చుకుంది. బడిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పే పనిని మారన ఒజ్జగారు ఆమెకే ఇచ్చారు. ఒజ్జ అంటే గురువు.

అలా ఉండగా గొర్రెలకాపరి కూతురు బయ్యమ బడిలో చేరింది. ఆ పిల్లకు చదువు మంచినీళ్ళలా అబ్బింది. ఒకనాడు ఒజ్జగారికి జ్వరం వస్తే బయ్యమ చిన్నపిల్లలను ముంగిట్లోకి తీసుకుపోయి, ఒకణ్ణి ఆవుగా, ఒకణ్ణి పులిగా నిలబెట్టింది. 'ను' అని చెక్కిన చెక్కను ఆవు చేతికిచ్చి, "ఇప్పుడు పులి ఆవును తరుముతుంది. 'ను' ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పరుగెత్తాలి!" అంది. పిల్లలు కేరింతలు కొట్టారు. కొమ్మ చెప్పిన పాఠానికి వాళ్ళు ఎన్నడూ అలా కేరింతలు కొట్టలేదు.

ఆ ఆటను ఒజ్జగారు కిటికీలోంచి చూశారు. మర్నాడే బయ్యమను పిలిచి, "అమ్మాయీ, ఇకనుంచి చిన్నపిల్లల పాఠం నీది. విభక్తుల పేటిక కూడా నువ్వే చూసుకో" అన్నారు.

కొమ్మకు గుండెలో ముల్లు దిగినట్టయింది. ఆ పేటిక మామూలుది కాదు. పూర్వం ఒక ముని తన చేత్తో చెక్కి ఆ బడికిచ్చిన చెక్కలున్నాయి అందులో. అవి పొలిమేర దాటితే రాజ్యంలో విభక్తులే ఉండవని పెద్దలు చెప్పేవారు. దాన్ని రోజూ తుడిచి పెట్టే పని అప్పటిదాకా కొమ్మదే. ఇప్పుడు బయ్యమ తుడుస్తుంటే చూడలేక ముఖం తిప్పుకునేది. బయ్యమ నవ్వితే ఒళ్ళు మండేది. బయ్యమ పాఠం తప్పు చెప్పాలని రోజూ చెవులు రిక్కించి వినేది. బయ్యమ తప్పు చెప్పేది కాదు.

చివరికి ఒకనాటి మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, కొమ్మ పేటికను ఎత్తుకుపోయి కోటగోడ అవతల ఉన్న మద్దిచెట్టు తొర్రలో దాచింది. బయ్యమకు బాగా చీవాట్లు పడ్డాక తెచ్చి పెట్టేద్దామనుకుంది. కానీ సాయంత్రం వెళ్ళి చూస్తే తొర్ర ఖాళీగా ఉంది. పేటిక పొలిమేర దాటిన క్షణాన రాజ్యంలో విభక్తులు ఆగిపోయాయి.

జయకేతు మహారాజు కొలువుకు బయ్యమను పిలిపించాడు. "పేటిక పోగొట్టింది బయ్యమ. పేటిక తేవాలి, లేదా రాజ్యం విడవాలి" అన్నాడు. గొర్రెలకాపరి రాజు కాళ్ళమీద పడ్డాడు. ఒజ్జగారు "ఈ పిల్ల తప్పు లేదు, మహారాజా!" అని మొత్తుకున్నారు.

"నేనే వెళ్తాను" అంది బయ్యమ.

నిజం కొమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. భయమేసి మింగేసింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. బయ్యమ నిజంగానే పేటిక తెస్తే? రాజ్యమంతా బయ్యమకే హారతి పడుతుంది. ఆ ఊహ భయంకన్నా ఎక్కువ బాధపెట్టింది.

"నేనూ వస్తాను!" అని అరిచింది కొమ్మ.

ఇద్దరూ రొట్టెలు మూటగట్టుకుని బయలుదేరారు. పొలిమేర వాగు దాటి అవతలి గట్టున కాలు పెట్టగానే బయ్యమ, "హమ్మయ్య, వాగును దాటాం!" అంది. అని, ఆశ్చర్యంగా నోటిమీద చెయ్యి వేసుకుంది. "కొమ్మక్కా, విన్నావా? వాగును! వాగుకు! వాగులో!" అంటూ గంతులు వేసింది. కొమ్మకూ నవ్వొచ్చింది కానీ బలవంతాన ఆపుకుంది.

ఆ గట్టున జడలు ఆరబెట్టుకుంటున్న ఒక ముని వాళ్ళను చూసి నవ్వాడు. "పేటిక కోసమేనా? గండశిల అనే రక్కసి దాన్ని చంకన పెట్టుకుపోతుంటే చూశాను. నల్లగుహ ఆమె ఇల్లు. దారిలో రాతలుంటాయి, తొందరపడకుండా చదవండి."

"మాకు చదవడం వచ్చు స్వామీ" అంది కొమ్మ, బయ్యమకంటే ముందుగా.

"చదవడం వచ్చినవాళ్ళకే తొందర ఎక్కువ" అన్నాడు ముని.

అడవి నడుమ దారి రెండుగా చీలింది. ఎడమవైపు దారి మొదట్లో ఒక రాయి ఉంది. దాని మీద అక్షరాలు ఎడం లేకుండా వరసగా చెక్కి ఉన్నాయి. ఈసారి తానే ముందు చదవాలని కొమ్మ పరుగెత్తుకెళ్ళింది. "ఇటురాకుమారి... ఇటు రా, కుమారీ! మనల్నే పిలుస్తోంది!" అంటూ ఆ దారినే దూసుకుపోయింది.

"కొమ్మక్కా, ఆగు! నాచు కింద ఇంకో అక్షరం ఉంది!" బయ్యమ గోటితో నాచు గీకింది. "ఇటురాకుమారిపో. రమ్మని పిలిచేవాళ్ళు చివర పో అని ఎందుకంటారు? ఇటు రాకు, మారి పో!"

అప్పటికే కొమ్మ నడుముదాకా ఊబిలో ఉంది. బయ్యమ భుజాన ఉన్న గొంగడి విప్పి విసిరింది. ఒక కొస కొమ్మ పట్టుకుంది, రెండో కొసను చెట్టుకు మెలివేసి బయ్యమ లాగింది. లాగి లాగి ఆమె అరచేతులు ఒరుసుకుపోయాయి.

ఒడ్డున పడ్డ కొమ్మకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. 'ఇదీ నాకంటే ముందే చదివింది. పైగా నన్ను కాపాడింది కూడా' అనుకుంటూ బురద కడుక్కుంది. ఒరుసుకుపోయిన ఆ అరచేతుల వైపు మాత్రం చూడలేకపోయింది.

కుడిదారి ఒక మడుగు దగ్గర ఆగింది. నీళ్ళు కాటుకలా నల్లగా ఉన్నాయి. మధ్యలో ఒక ముసలి మొసలి తేలి, నోరు తెరిచింది.

"నేను, నువ్వు, మింగడం. ఈ మూడూ వచ్చేలా ఒక వాక్యం చెప్పండి. అందులో ఎవరి ప్రాణమూ పోకూడదు. చెబితే అవతలి ఒడ్డుకు మోస్తాను. చెప్పలేకపోతే ఆ వాక్యం నేనే చెబుతాను, చేసి కూడా చూపిస్తాను" అంది మొసలి.

బయ్యమ చాలాసేపు తంటాలు పడింది. "నేను నిన్ను... అబ్బే! నువ్వు నన్ను... అదీ కాదు!"

కొమ్మ కళ్ళు మూసుకుని, తండ్రి పక్కన కూర్చుని నునుపు చేసిన చెక్కలను మనసులో ఒక్కొక్కటే తడిమింది. ను, చేత, తో... 'కోసం' దగ్గర ఆగింది. "నా కోసం నువ్వు కోపం దిగమింగు!" అంది. "నన్ను అంటే ప్రాణం పోతుంది. నా కోసం అంటే ఎవరికీ ఏమీ కాదు."

మొసలి సంతోషంతో తోక ఆడించింది. "భేష్! కోపాన్ని నేనెప్పుడూ తినలేదు. ఎలా ఉంటుంది?"

"చేదు" అంది కొమ్మ తడుముకోకుండా.

"బాగా అలవాటున్నట్టు చెప్పావే!" అంటూ మొసలి వీపు వంచింది.

మొసలి మీద కూర్చుని పోతూ బయ్యమ అంది: "అది నాకు ఎప్పటికీ తట్టేది కాదు కొమ్మక్కా. నిజం చెప్పనా? నిన్ను చూస్తే నాకు కుళ్ళు. నువ్వు ఉగ్గుపాల నాటినుంచీ అక్షరాల మధ్య పెరిగావు. నేనేమో గొర్రెల వెంట తిరుగుతూ, బండమీద గీతలు కనిపిస్తే అక్షరాలేమో అనుకుని దిద్దేదాన్ని."

అంత మాట అంత తేలిగ్గా నవ్వుతూ అనేసింది!  కొమ్మ తన సంగతి చెబుదామనుకునేసరికి ఒడ్డు వచ్చేసింది.

నల్లగుహలో గండశిల బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తల గుహ కప్పుకు తగులుతోంది. జుట్టు ఊడల్లా నేల మీద జీరాడుతోంది. ముందు పేటిక తెరిచి ఉంది. కొండంత వేళ్ళతో చిన్న చెక్కలను వరసగా పేరుస్తోంది. సగం చెక్కలు తలకిందులుగా ఉన్నాయి.

"వచ్చారా బడిపిల్లలు! వాగు అవతల నక్కి కూర్చుని మీ చదువు వినేదాన్ని. మీ గొంతులు వింటుంటే నా కడుపు కుతకుత ఉడికిపోయేది. ఈ చెక్కలు లేకపోతే ఎలా చదువుతారో చూద్దామనుకున్నాను. నేను దొంగను కాను సుమా! ఇది మద్దిచెట్టు తొర్రలో దొరికింది" అంది రక్కసి.

"తొర్రలోనా?" అంది బయ్యమ.

రక్కసి కొమ్మ ముఖంలోకి వంగి చూసింది. "నీ చూపు నాకు తెలుసు పిల్లా. ఆ చూపు నాదే. అందుకే నీకొక వరం ఇస్తాను. 'కొమ్మ బయ్యమ రక్కసికి అప్పగించింది.' ఈ మాటలో ఒక 'ను' తక్కువ. ఇదిగో చెక్క. ఏ పేరుకు తగిలిస్తే ఆ పిల్ల నాకు భోజనం. రెండో పిల్ల పేటికతో ఇంటికి పోవచ్చు."

'ను' చెక్క కొమ్మ అరచేతిలో పడింది. ఒక్క క్షణం ఆమెకు కోటబడి కనిపించింది. పేటిక తెచ్చిన కొమ్మ, పిల్లలందరూ తన చుట్టూనే. బయ్యమ అనే పిల్ల లేదు. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది అదే కదా! చేతికందేసరికి అది ఆమెకు వద్దనిపించింది.

"ఆ మాట ఎప్పుడో జరిగిపోయింది" అంది కొమ్మ. "పేటికను తొర్రలో పెట్టింది నేనే. బయ్యమకు చెడ్డపేరు రావాలని పెట్టాను. కొమ్మ బయ్యమను ఆ రోజే అప్పగించేసింది. రెండోసారి ఆ పని చేయను." చెక్కను తన గుండెకు ఆనించుకుంది. "కొమ్మను. నా పేరుకే తగిలించాను."



"నువ్వా?" బయ్యమ గొంతు మారిపోయింది. "మా నాయన రాజు కాళ్ళమీద పడి ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డావా?" పేటికను లాక్కుని, కొమ్మ చేతిలోదాంతో సహా చెక్కలన్నీ అందులో వేసుకుని, వెనక్కి చూడకుండా గుహ గుమ్మందాకా వెళ్ళింది. రక్కసి కొమ్మను పిడికిట్లో ఎత్తింది.

గుమ్మం దగ్గర బయ్యమ ఆగింది. కాలు నేలకేసి కొట్టి, వెనక్కి వచ్చింది.

"దాన్ని దించు!" అని రక్కసిని కసిరింది. "నేను దాన్ని క్షమించలేదు. అయినా నువ్వు తినేస్తే నేనెవర్ని తిట్టాలి? ఇంతకీ ఆ చెక్కలు తలకిందులుగా పెట్టావు, తెలుసా?"

రక్కసి ముఖం చిన్నబోయింది. "అన్నీనా?"

"సగం. ఆ మిగతా సగం నీ అంతట నువ్వే సరిగ్గా పెట్టావు. నేర్పితే నీకు చదువు వస్తుంది."

"నాకా? నాకెవరు నేర్పుతారు?" అంది రక్కసి. ఆ గొంతు వానకు తడిసిన పిల్లి గొంతులా ఉంది. ఆమె పిడికిలి దానంతటదే వదులైంది.

రక్కసి విరిచి తెచ్చిన ఎండుమానులతో కొమ్మ తన ఉలి పట్టి కొత్త చెక్కలు చెక్కింది. రక్కసి వేళ్ళకు సరిపోయేలా ఒక్కొక్కటీ తలుపంత. గుహ నేలమీద ఇసుక పరిచి బయ్యమ దిద్దించింది. ఆ కొన్ని రోజులూ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. "ఒత్తు ఇంకా లోతుగా" అని ఒకరూ, "ఇది చాలా?" అని ఒకరూ, అంతే. రక్కసి ఆకలిగొన్నదానిలా నేర్చుకుంది. తన పేరు తానే చదువుకున్న పూట ఆమె ఏడ్చిన ఏడుపుకు అడవిలో పక్షులు లేచిపోయాయి. ఇద్దర్నీ భుజాన ఎక్కించుకుని వాగుదాకా దిగబెట్టింది.

పేటిక వాగు దాటగానే ఎక్కడో పసులకాపరి కేక వినిపించింది. "పులి ఆవును చూసింది! పులి ఆవును చూసింది!" ఊరంతా కర్రలతో పరుగెత్తి పులిని తరిమికొట్టింది.

కొలువులో పేటిక దించి, బయ్యమ నోరు తెరవకముందే కొమ్మ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "దేశబహిష్కారం చేయాల్సిన తప్పిది!"

"మహారాజా, ఆమె చెక్కల్లాంటివి ఇంకెవరూ చెక్కలేరు. దేశం బయట ఎవరి పిల్లలకో ఇవ్వడమెందుకు?" అంది బయ్యమ, కొమ్మ వైపు చూడకుండానే.

రాజు ఆలోచించి తీర్పు చెప్పాడు. ముసలివాడైన మారన ఒజ్జగారి తర్వాత కోటబడికి బయ్యమే ఒజ్జ. కొమ్మ కోటలో ఉండకూడదు. ఇంతవరకూ బడి ఎరుగని అడవి అంచు పల్లెలకు పోయి, సొంత చేతులతో సామాను చేసుకుని, అక్కడి పిల్లలకు చదువు చెప్పాలి.

కొమ్మ అలాగే చేసింది. పల్లెవాళ్ళు పాక వేసిచ్చారు. కొమ్మ చెట్ల బెరడు మీద బొమ్మలు గీసింది, చింతగింజలతో గుణింతాలు పేర్పించింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేరారు.

పంటలు ఇంటికొచ్చే వేళకు బయ్యమ ఆ బడిని చూడటానికి వచ్చింది. చెక్కలను చేతుల్లోకి తీసుకుని తడిమి చూసింది. అంతలో పిల్లలు ఆమెను చుట్టుముట్టారు. ఆమె ఏదో అంది, పాకంతా నవ్వులతో నిండిపోయింది. కొమ్మకు కడుపులో పాత మంట భగ్గుమంది.

ఆమె ఈసారి దాన్ని దాచలేదు. "బయ్యమా, నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది" అంది పిల్లలందరూ వింటుండగానే.

బయ్యమ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. తర్వాత పక్కున నవ్వింది. ఆ గుహ తర్వాత కొమ్మతో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"అయితే ఏం చేద్దాం?"

"ఈ పూట పాఠం నువ్వు చెప్పు. ఎలా చెబుతావో నేను చూసి నేర్చుకోవాలి" అని కొమ్మ వెనక వరసలోకి వెళ్ళి, ముక్కు కారుతున్న ఒక బుడతడి పక్కన చాపమీద కూర్చుంది. వాడు కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాడు.