కోసి అతికించిన గీత

చౌడేపల్లెలో మా మేనత్త యశోదమ్మకు పట్టుపురుగుల షెడ్డు ఒకటి ఉంది. 2008 ఆగస్టులో ఒక పంట గూళ్లు అమ్మేశాక, ఇంకో పంటకు పురుగుల్ని దించేలోపు, దాన్ని మాకు వారం రోజులు వదిలేసింది. పురుగులు గూళ్లు అల్లుకునే చంద్రికలు గోడకు ఆనించి ఉన్నాయి. కిటికీలకు గోనెపట్టాలు. బ్లీచింగ్ పౌడరు ఘాటు, దాని అడుగున వాడిన మల్బరీ ఆకు వాసన. మధ్యాహ్నం రెండింటికే లోపల మసకగా ఉండేది.

మేము అంటే నేనూ, రుక్సానా. మదనపల్లెలో ఇంజనీరింగ్ మూడో ఏడు. అది ఆ వారంలో చివరి రోజు; మరుసటి ఉదయం కుప్పంలో రోబోల కుస్తీ. రెండు యంత్రాలను బరిలోకి వదిలితే ఒకటి ఇంకొకదాన్ని విరగ్గొట్టాలి. పేర్లిచ్చే రోజు మా క్లాసు నవీన్, "ముగ్గుల పోటీ పక్క గదిలో ఉండాది, పోండమ్మా" అన్నాడు. డిబేట్లలో ఎదుటివాళ్లకు చివరి మాట వదిలే అలవాటు నాకు లేదు. "ముగ్గు మీ రోబో ముక్కలతోనే ఏస్తాంలేప్పా" అని అందరి ముందూ సంతకం పెట్టేశాను. ఇక ఓడినా ఫర్వాలేదు గానీ, పోకుండా ఉండటానికి మాత్రం వీల్లేదు.

మాకు లేనిదల్లా స్పీడ్ కంట్రోలర్. మోటారు ఎంత వేగంగా తిరగాలో చెప్పే చిన్న బోర్డు. పుంగనూరులో మోటార్లకు వైండింగ్ చేసే సర్దార్ చాచా, పాత సామాను గంపలోంచి బొమ్మ విమానానిది ఒకటి తీసిచ్చాడు. "పని చేయకుంటే తిరిగి తేవద్దు బేటీ. పని చేస్తే అసలే తేవద్దు" అని నవ్వాడు.

ఇలాంటి చవక కంట్రోలర్లకు ఒక పిరికి గుణం ఉంటుంది. రిమోట్ నుంచి ఆదేశం అందకపోతే మోటారును ఆపేస్తాయి. విమానానికి అది మంచిదే. బరిలో మాత్రం ఒక్క దెబ్బకు సంకేతం క్షణం తెగినా రోబో నిలబడిపోతుంది. అవతలివాడు ఆగుతాడా? అందుకే ఆ తనిఖీ జరిగే సన్నని రాగి గీతను బోర్డు మీద కోసేయాలనుకున్నాను.

ప్లాస్టిక్ తొడుగు చీల్చి భూతద్దం పెట్టాను.

ఆ గీతను ముందే ఎవరో కోశారు. కోసి, మళ్లీ అతికించారు. టంకం మీద టంకం వేసి, గడ్డ కట్టేంతగా.

"యాల అతికించినారో?" రుక్సానా గొంతు తగ్గించింది.

"భయపడినట్లుండారు."

"అదేనే నేనడిగేది. దేనికి?"

"ఆధారం లేని భయానికి నేను జవాబు చెప్పను" అంటూ బ్లేడు పెట్టి కోసేశాను.

బ్యాటరీ తగిలించగానే మోటారు మూడుసార్లు కూసింది. బీప్, బీప్, బీప్. ఈ రకం మోటార్లు మేలుకునేటప్పుడు అలాగే కూస్తాయి. దానికి బిగించిన, అవతలి రోబోను కొట్టే ఉక్కు చక్రం గిర్రున తిరిగింది. రుక్సానా చప్పట్లు కొట్టింది. నేను రిమోట్ ఆపి, బ్యాటరీ ఊడదీసి కిటికీలో పెట్టాను. అంతలో వాన మొదలైంది. కరెంటు పోయింది.

రుక్సానా చున్నీని తల చుట్టూ కప్పుకుని, జారకుండా భుజాల దగ్గర పిన్నీసులు పెట్టుకుంటుంది. మరలు బిగించడానికి చక్రం మీదికి వంగింది. పైన రేకుల మీద వాన, ఆకు నములుతున్న వేల పురుగుల చప్పుడులా...

బీప్.

చక్రం పావు చుట్టు తిరిగింది. నెమ్మదిగా... ఎవరో చేత్తో తిప్పినట్టు.

"ఆటలొద్దే సింధూ. చున్నీ పట్టుకునింది."

"నేను తిప్పలే."

"రిమోట్ ఆపు మే!"

"ఆపే ఉండాది."

"మరి బ్యాటరీ..."

ఇద్దరం ఒకేసారి కిటికీ వైపు చూశాం. బ్యాటరీ అక్కడే ఉంది.

బీప్. ఇంకో పావు చుట్టు. చున్నీ ఇరుసుకు చుట్టుకుంది. రుక్సానా తల కిందికి వంగింది. నేను చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. అది నా చేతులతో పాటే తిరిగింది. ఆదేశం లేకపోతే ఆగాలన్న నియమాన్ని కోసింది నేనే. కానీ తిరగమని ఆదేశించేది ఎవరు?

కట్టరు అందుకుని మోటారు తీగలు తెంపాను. ఒకటి. రెండు. మూడు. ఇక దానికీ బోర్డుకూ సంబంధమే లేదు.

బీప్.

"సింధూ..." మాట సగంలో ఆగింది. గుడ్డ గొంతు చుట్టూ బిగుసుకుంది. ఆమె కాళ్లు నేల మీద కొట్టుకుంటున్నాయి. పిన్నీసులకు చేతులు అందడం లేదు.

బ్లేడు... బ్లేడు యాడ పెట్టినాను?

బల్ల కింద దొరికింది. ఆమె గొంతుకూ గుడ్డకూ మధ్య నా వేలు దూర్చి, ఆ వేలి మీదుగానే కోశాను. గుడ్డ తెగింది. నా వేలూ తెగింది. రుక్సానా వెనక్కి పడి, ఊపిరి కోసం దగ్గింది. మోటారు మాత్రం ఆగలేదు. తెగిన చున్నీని కొస దాకా లోపలికి లాక్కుని... అప్పుడు ఆగింది.

మరుసటి రోజు మేము కుప్పం పోలేదు. నవీన్ ఫోన్ చేసి నవ్వాడు. చివరి మాట వాడికే వదిలేసి ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రమే అత్త షెడ్డుకు పోయి, మేము వద్దు వద్దంటున్నా రోబోను తెచ్చి ఇంటి పంచలో పెట్టింది. "బంగారం లాంటి గుడ్డ. దెయ్యమంట, దెయ్యం! వానకు మీకు తిక్క పుట్టినట్లుండాది" అని తిడుతూ చుట్లు విప్పింది. ఆకుపచ్చ చున్నీ మూరలు మూరలుగా వచ్చింది. అయిపోయింది. అత్త చేయి ఆగింది.

"ఇదెవురిదే?"

చున్నీ కింద, ఇరుసును అంటిపెట్టుకుని, నీలం గళ్ల చొక్కా చేతి అంచు. ఆ మోటారు కొత్తది; పెట్టె చింపి బయటికి తీసింది ముందురోజు పొద్దున్నే, మేమే.

మణికట్టు దగ్గర బొత్తాం పెట్టే ఉంది. నేను తాకి చూశాను. లోపలి వైపు, ఇంకా వెచ్చగా ఉంది.