సొంత ఇంటి మీదే ఎంక్వైరీ

పొద్దున్నే కుక్కరు రెండో కూత వేస్తుండగా డిటెక్టివ్ గారి ఫోను మోగింది. మూడు నెలల తర్వాత మొదటి కేసు! ఒక పెళ్లికూతురి కుటుంబం ఎలాంటిదో కనుక్కోవాలట. ఆఫీసు గది ఖాళీ చేసినప్పటి నుంచి ఆయనకు భోజనాల బల్లే ఆఫీసు. అక్కడే చిరునామా రాసుకుంటూ సగంలో ఆగిపోయారు. అది ఆయన ఇల్లే! ఫోను చేసింది, కూతురు ఇష్టపడ్డ అబ్బాయి తల్లి. అమ్మాయి తండ్రిది ఏదో ప్రైవేటు ఉద్యోగమని మాత్రమే ఆవిడకు తెలుసు.

"దేవుడే పంపాడు!" అంటూ భార్య గరిటెతోనే వచ్చేసింది. "బంగారం లాంటి కుటుంబమని రాసి పడేయండి."

"ఉన్నదే రాస్తా."

"మీ నిజాయితీ తగలెయ్య! ఆ శవం సంగతి కూడానా?"

ఖర్మ కాకపోతే ఏమిటి! ఆరు నెలల కిందట ఒకావిడ తన భర్త మీద కన్నేసి ఉంచమంది. ఈయన నాలుగు రోజులు ఎదురింటి మెట్ల మీద కూర్చుని, 'మనిషి గడప దాటడు, చెడు తిరుగుళ్లు లేవు' అని రిపోర్టు ఇచ్చారు. మొదటి రోజే ఆవిడ చంపేస్తే పాపం ఎలా దాటుతాడు? భర్త నిన్నటిదాకా బతికే ఉన్నాడంటూ ఆవిడ పోలీసులకు ఆ రిపోర్టే చూపించింది. విషయం బయటపడ్డాక ఊరంతా పడీపడీ నవ్వింది.

"చూడనిది చూసినట్టు ఒక్కసారి రాశా, చాలు," అన్నారాయన.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ? మీ పంతానికి పిల్ల పెళ్లి చెడితే?" 

ఆయన తల ఎత్తకుండా రాస్తూనే ఉన్నారు. రాయడం పూర్తయ్యేసరికి కూతురు తల తుడుచుకుంటూ వచ్చి, కాగితం లాక్కుని పైకి చదివింది.

"తండ్రి: ఒకప్పుడు పేరుండేది. శవానికి మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చి నవ్వులపాలయ్యాడు. తల్లి: కోపిష్టి. ఇంటిని నిలబెట్టింది మాత్రం ఆవిడే." భార్య కుర్చీలో కూలబడింది. కూతురు చదువుతూనే ఉంది. "తండ్రి వృత్తి గురించి అమ్మాయి అభిప్రాయం: తెలియరాలేదు."

కూతురు కాగితం కిందికి దించింది.

"నేను ఇంట్లోనే ఉన్నాగా నాన్నా! అడగొచ్చుగా?"

"భయమేసిందమ్మా. సిగ్గుగా ఉందంటావేమోనని."

కూతురి కళ్లు నిండిపోయాయి. పెన్ను తీసుకుని 'తెలియరాలేదు' అన్నది కొట్టేసి, 'మా నాన్న తప్పు చేస్తే ఒప్పుకుంటాడు. అది నచ్చినవాళ్లే నాకు కావాలి' అని రాసి సంతకం పెట్టింది.

"పద నాన్నా. ఇద్దరం వెళ్లి ఇచ్చొద్దాం."

"ఇద్దరేమిటే?" భార్య ముక్కు చీదుకుని లేచింది. "స్టవ్వు ఆపి వస్తా, ఆగండి."