ముందే మోగిన చెయ్యి

"ఆగు! నా చెయ్యి ఇంకా లేవనేలేదు. నీ సౌండు అప్పుడే ఎందుకు మోగింది?"

సౌండు ఇంజినీరు హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకున్నాడు. డాన్సరు నడుం మీద చేతులు వేసుకుని వేదిక మధ్యలో నిలబడింది. ఆమె మణికట్లకీ, చీలమండలకీ, నడుముకీ అగ్గిపెట్టెల్లాంటి సెన్సర్లున్నాయి. ఆమె ఎలా కదిలితే అతని కంప్యూటరు అలా మోగాలి. నిన్నటిదాకా ఆ మోత ఆమె వెనకాల ఆయాసపడుతూ వచ్చేది. ఇవాళ ముందు పరిగెడుతోంది.

"లేటు తగ్గించమన్నారు కదండీ. మీ పాత రిహార్సల్స్ అన్నీ కంప్యూటరుకి నేర్పాను. ఎడమవైపు తిరిగారంటే, వెంటనే కుడిచెయ్యి లేపుతారు. అది ముందే ఊహించేస్తోంది."

ఆమె మొహం మాడిపోయింది. ఏదీ ముందు అనుకోను, అప్పటికప్పుడు పుట్టిందే ఆడతాను అని అందరి దగ్గరా గొప్పలు పోయే మనిషి మరి. పైగా అతను చెప్పింది నిజం కావడం అసలు మంట.

"అంటే తమరి దృష్టిలో నేను అరిగిపోయిన క్యాసెట్టునా?"

"అలా అనలేదండీ. కంప్యూటరు..."

"దాని చాటున దాక్కోకు. ఆడవాళ్ళ మనసు చదివేశామని మురిసిపోయే మగాళ్ళని చాలామందిని చూశాను. నువ్వు ఆ పైత్యానికి కరెంటు కూడా పెట్టావు."

హాలు నడిపే పిన్ని తలుపు దగ్గర్నుంచి అరిచింది. "సాయంత్రం షో పెట్టుకుని ఈ కీచులాటేమిటే? ఏమాత్రం తేడా వచ్చినా రికార్డు పాట వేసేస్తా. ఇంకెప్పుడూ ఈ అప్పటికప్పుడు డాన్సులకి నా హాలు అడగొద్దు."

పిన్ని అన్నంత పనీ చేస్తుంది. అయినా డాన్సరుకి పంతమే పెద్దదయింది. 'మోగనీ. అది ఏది ఊహిస్తే దానికి ఎదురు చేస్తా' అనుకుంది.

సాయంత్రం లైట్లు వెలిగాయి. ఆమె చెవులు రిక్కించి నిలబడింది. సౌండు రాలేదు. ఆమె కదల్లేదు. ఎవరో దగ్గారు. మొదటి వరుసలో ఒక కళాభిమాని, ఈ మౌనంలో లోతంతా తనకొక్కడికే అర్థమైనట్టు తలాడించాడు. ఫ్యాను గాలికైనా తలాడించే రకం ఆయన.

పిన్ని చెయ్యి రికార్డు పాట బటన్ మీదికి వెళ్ళింది.

'మోగవేం?' అన్నట్టు డాన్సరు కళ్ళెర్రజేసింది.

'మీరు కదలరేం?' అన్నట్టు అతను బిక్కమొహం వేశాడు.

అప్పుడు వెలిగింది ఆమెకి. ఈ మహానుభావుడు కంప్యూటరు చేత ఊహించడం మాన్పించేశాడు! అతని కోసం ఈమె, ఈమె కోసం అతను. ఇద్దరు మొండిఘటాలు టికెట్లు కొన్న జనం ముందు ఒకరికొకరు కాపలా కాస్తున్నారు.

నవ్వు ఆపుకోబోయింది. పొట్ట అదిరింది. నడుం దగ్గరి సెన్సరు దాన్ని పట్టేసింది. హాలంతా గలగలమంది. ఆమె ఉలిక్కిపడితే ఆ మోతా ఉలిక్కిపడింది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇక ఏం ఆడిందో ఆమెకే తెలియదు. అలవాటుగా ఎడమవైపు తిరిగింది. అక్కడ అతను, రెప్ప వెయ్యకుండా చూస్తూ. రోజూ అటే ఎందుకు తిరుగుతోందో అప్పుడు తెలిసింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. హాయిగానూ ఉంది.

చప్పట్లయ్యాక వైర్లు చుడుతున్న అతని దగ్గరికి వెళ్ళింది. "ఊహించడం ఎందుకు ఆపావ్? నా మీద జాలా?"

"జాలి కాదండీ." వైరు చిక్కుపడిపోయింది. "అది ముందే చెప్పేస్తుంటే నేను స్క్రీన్ చూస్తే చాలు. నాకు మిమ్మల్ని చూడటం ఇష్టం."

అవతల పిన్ని తాళాలు మోగించింది.

"ఏమే, అతనితో నీ పోట్లాట అయిందా?"

"ఇంకా లేదు పిన్నీ," అంది, చిక్కుపడ్డ వైరు అతని చేతుల్లోంచి లాక్కుంటూ. "జన్మంతా పట్టేట్టుంది."